తెలిసే అడుగుతున్నారా?

ఆమెను అందరూ ప్రశ్నల టీచరు అనేవారు. ఆ పేరు పిల్లలు పెట్టింది కాదు, తోటి టీచర్లు పెట్టింది. స్టాఫ్ రూములో టీ గ్లాసులు అందిస్తూ కూడా "ఇందులో చక్కెర ఉందా, లేదా? చెప్పుకోండి చూద్దాం" అనే మనిషి. ఆ చక్కెర వేసింది ఆమే.

అది పెంపకంలో వచ్చిన గుణం. ఆమె తండ్రి కోర్టులో టైపిస్టు. పగలంతా ఎవరెవరివో ప్రశ్నలూ జవాబులూ టైపు కొట్టి, సాయంత్రం ఇంటికి రాగానే కూతుర్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని సొంత ప్రశ్నలు మొదలుపెట్టేవాడు. "ఇది ఏ చెయ్యి?" "కుడి చెయ్యి." "శభాష్! మరి ఇది?" ఉన్నవి రెండు చేతులే కాబట్టి రెండో ప్రశ్న అంత కష్టమేమీ కాదు. అయినా మళ్ళీ శభాష్ అనేవాడు. ఆ ఇంట్లో ముద్దు చేయడమంటే అదే. మనుషులు ఒకరి మీద ఒకరు ప్రేమ చూపించుకునే పద్ధతి ఇదేనని ఆమె చిన్నప్పుడే నమ్మేసింది. టీచర్ ట్రైనింగులో కూడా దాదాపు అదే చెప్పారు, కాకపోతే ప్రేమ అనకుండా బోధనా పద్ధతి అన్నారు. ఆ పేపర్లో ఆమెకు అందరికంటే ఎక్కువ మార్కులు వచ్చాయి.

పెళ్ళయ్యాక మాత్రం మొదటిసారి ఎదురుదెబ్బ తగిలింది. భర్త బస్సు డిపోలో మెకానిక్కు. ఎవరైనా ప్రశ్న అడిగారంటే ఎక్కడో బండి మొరాయించిందని అతనికి అర్థం. కొత్త కాపురంలో ఒకనాడు ఆమె కూర వడ్డించి "ఇందులో ఏం వేశానో చెప్పండి?" అంది. అతను ముద్ద ఆపి, కంచం దీపం కిందికి జరుపుకుని, కూరంతా వేలితో కెలికి చూసి, "ఏం పడింది?" అన్నాడు. ఆమె అలిగింది. ఎందుకు అలిగిందో అతనికి తెలియలేదు. అతను అడగలేదు కూడా. అడిగితే మళ్ళీ ప్రశ్నలు మొదలవుతాయని భయం. అలా ఇద్దరూ రాజీపడ్డారు. ఇంట్లో ఆమె ప్రశ్నలు తగ్గించింది. మిగిలినవన్నీ బడికి తీసుకెళ్ళింది.

ఆ బడి నూలు మిల్లు క్వార్టర్స్ వెనక ఉండేది. రెండో తరగతి గది కింది అంతస్తులో, నీళ్ళ కుళాయిలను ఆనుకుని. కిటికీ రెక్క ఒకటి తాడుతో కట్టి ఉండేది. మిల్లు సైరన్ మోగినప్పుడల్లా పాఠం ఆపి, అది ఆగేదాకా నోరు తెరిచి ఉంచుకుని, ఆ తర్వాత మాటను మధ్యలోంచి అందుకోవడం అక్కడి టీచర్లందరికీ అలవాటు. పిల్లలు మిల్లు గుమాస్తాల, మేస్త్రీల, వాచ్‌మెన్ల పిల్లలు. ఆమె ఇలా ప్రశ్న వదిలితే చాలు, చేతులు లేచేవి. కొందరికి చేతులు చాలక బెంచీల మీదికెక్కేవారు. ఆమె సంతోషంగా ఉండేది.

ఒక వానాకాలం ఊరవతల రాళ్ళ క్వారీ దగ్గరున్న బడి పైకప్పు ఎగిరిపోయింది. ఎటు చూసినా కొండంత రాయి ఉన్న చోట, బడికి మాత్రం రేకుల కప్పు వేయించారు. రిపేరు చేయించేదాకా క్వారీ పిల్లల్ని మిల్లు బడికి పంపండి అని ఆఫీసు ఉత్తర్వు వచ్చింది. రిపేరు ఎప్పుడన్నది ఉత్తర్వులో లేదు. రెండో తరగతి గదిలోకి కొత్తగా బెంచీలు పట్టుకొచ్చి వేశారు. రాతిపొడి అంటిన జుట్లతో, ఎవరి పలక వాళ్ళు గుండెలకు హత్తుకుని, క్వారీ పిల్లలు వచ్చి కూర్చున్నారు.

ప్రశ్నల టీచరు కొత్తవాళ్ళని తక్కువ చూసే మనిషి కాదు. మొదటిరోజే వాళ్ళకోసం ఇంటినుంచి ఒక బంతి తెచ్చింది. దాన్ని పైకెత్తి, నవ్వుతూ, "ఇది ఏ రంగు?" అంది.

మిల్లు పిల్లల చేతులు లేచాయి. "మీరు కాదు, వాళ్ళు చెప్పాలి" అంది. క్వారీ పిల్లలు బంతిని చూశారు. ఆమెను చూశారు. ఒకరినొకరు చూసుకున్నారు. తర్వాత అందరూ తలలు వంచుకున్నారు. వాళ్ళ ముఖాల్లో భయం లేదు. ఎవరింట్లోనో కష్టం వచ్చిందని వెళ్ళి కూర్చున్నప్పుడు పెద్దవాళ్ళు పెట్టే ముఖం పెట్టారు.

కొత్త కదా అనుకుంది. మర్నాడు వేళ్ళు చూపించి ఎన్నని అడిగింది. ఆ మర్నాడు గోడగడియారం కింద నిలబడి టైమెంతయిందని అడిగింది. రెండూ మూడూ కలిపితే ఎంతని అడిగింది. ఎన్ని అడిగినా ఆ బెంచీలనుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు. బెల్లు కొట్టి బయటికి వదిలితే మాత్రం కుళాయిల దగ్గర అదే పిల్లలు చెవులు చిల్లులు పడేలా మాట్లాడేవారు. వాళ్ళలో ఒక పిల్లను క్వారీలో పిడుగు అని పిలిచేవారట. తరగతిలో చూసినవాళ్ళెవరికీ ఆ పేరు ఎందుకు పెట్టారో అంతుపట్టలేదు.

ఒకసారి పాఠం మధ్యలో ఆమె చేతిలోని సుద్దముక్క జారి ఎక్కడో పడింది. "అరె, ఎటు పోయింది?" అంది తనలో తాను. అంతే, క్వారీ బెంచీలన్నీ ఒక్కసారి నోరు తెరిచాయి. "బీరువా కింద టీచర్!" "ఎడమపక్క!" "రెండు ముక్కలయింది టీచర్!" పిడుగు అప్పటికే నేలమీద బోర్లా పడుకుని చెయ్యి లోపలికి పెట్టింది. సుద్ద తీసి ఇచ్చి, వెళ్ళి కూర్చుని, మళ్ళీ మూగదైపోయింది. టీచరు ఆశ్చర్యపోయింది. ఆశ్చర్యపోయి పాఠం కొనసాగించింది.

నెలాఖరుకి హెడ్మాస్టరు పిలిచి, కొత్త పిల్లలు ఎలా ఉన్నారని అడిగాడు. మంచి మనిషే. రిటైర్మెంటు దగ్గరపడినవాడు. ఏ సమస్యనైనా బెంచీలు మార్చి పరిష్కరించవచ్చని నమ్మేవాడు.

"మందంగా ఉన్నారు సార్. రంగులు కూడా తెలీవు" అంది ఆమె.

"అయితే వెనక వరసలో వేసెయ్యండి. వీళ్ళకోసం మిల్లు పిల్లల చదువు పాడవకూడదు కదా."

ఆమె వెనక వరసలో వేసింది. ఆ పని చేస్తున్నప్పుడు ఏదో తప్పు చేస్తున్నట్టు అనిపించింది గానీ, ఏమిటో తెలియలేదు.

ఒక సాయంత్రం బడి వదిలాక పిడుగు నాయనమ్మ వచ్చింది. వయసంతా రాళ్ళు కొట్టిన మనిషి, అరచేతులు కూడా రాయిలాగే అయిపోయాయి. వరండా ఖాళీ అయ్యేదాకా గుమ్మం పక్కనే నిలబడి, ఆ తర్వాత లోపలికి వచ్చి తలుపు దగ్గరగా వేసింది.

"టీచరమ్మా, నలుగురిలో అడిగితే బాగుండదని ఆగాను. ఏమీ అనుకోకండి. మీకు చూపు ఎప్పట్నుంచి తగ్గింది?"

"నా చూపుకేం? బాగానే ఉంది పెద్దమ్మా."

"మొదట్లో అందరూ అలాగే అంటారు. మా ఆయనా బాగానే ఉందనేవాడు. చివరికి మేకనుకుని పక్కింటాయన ముందు గడ్డి పెట్టాడు."

"నాకేం కాలేదు. ఎవరు చెప్పారు మీకు?"

"పిల్లలే. బంతి చేత్తో పట్టుకుని ఇది ఏ రంగని అడిగారంట. గడియారం నెత్తిమీద పెట్టుకుని టైమెంతని అడిగారంట. సరే, అవి కళ్ళు అనుకుందాం. రెండూ మూడూ ఎంతని రోజూ అడుగుతారంట. మిల్లు పిల్లలు ఐదని చెప్తే, మర్నాడు మళ్ళీ అడుగుతారంట. అది కళ్ళు కాదు కదమ్మా."

"మరి మీ పిల్లలు జవాబెందుకు చెప్పరు?" అంది టీచరు.

"ఎలా చెప్తారు? మేమే వద్దన్నాం. పాపం, చదువు చెప్పే మనిషి, ఏదో మరుపొచ్చింది. నలుగురిలో పట్టుకుని ఇది ఎరుపు టీచర్ అంటే ఆవిడ పరువేం కాను, నోరు మూసుకుని కూర్చోండి అని గట్టిగా చెప్పాం. మీ మిల్లు పిల్లలకి ఆ మాత్రం మర్యాద ఉన్నట్టు లేదు. ఎగబడి చెప్పేస్తారంట కదా."

"పెద్దమ్మా, అది ఎరుపని నాకు తెలుసు."

"తెలిస్తే ఎందుకడిగారు?"

"వాళ్ళకి తెలుసో లేదో చూద్దామని."

"అయితే అదే అడగొచ్చుగా."

టీచరు కుర్చీలో కూర్చుంది. నాయనమ్మ కూడా ఒక చిన్న బెంచీ చూసుకుని మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చుంది.

"మా దగ్గర తెలిసిందే అడిగేవాళ్ళు రెండు రకాలమ్మా" అంది. "ఒకటి మతి తప్పినవాళ్ళు. రెండోది, మన నోటితో చెప్పించి తప్పు పట్టుకుందామని చూసే సూపర్‌వైజరు. పిల్లలు మీరు మంచివాళ్ళన్నారు. అందుకని మొదటిదే అనుకున్నాం."

ఇద్దరూ కాసేపు మాట్లాడుకున్నారు. తన చూపూ మతీ సరిగానే ఉన్నాయని టీచరు చాలా తీరుల్లో చెప్పింది. నాయనమ్మ ప్రతిదానికీ తలూపింది. రోగి చెప్పేదానికి ఊపినట్టే ఊపింది. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి, వేళ్ళు పైకెత్తి, "ఇవెన్ని?" అంది.

"మూడు" అంది టీచరు.

అప్పుడు కాస్త కుదుటపడి వెళ్ళింది.

ఇంటికి వెళ్ళాక భర్తతో జరిగిందంతా చెప్పింది. అతను గ్రీజు చేతులు కిరోసిన్ గుడ్డతో తుడుచుకుంటూ శ్రద్ధగా విన్నాడు.

"నేనూ మొదట్లో అలాగే అనుకున్నాను" అన్నాడు.

"ఎలాగ?"

"మనిషికి ఏదో ఉందని."

"మరి అప్పుడే చెప్పలేదేం?"

"పెళ్ళైపోయింది కదా."

ఆమె అంట్లు తోముతూ ఏడ్చింది. భర్త అన్నందుకు కాదు. ఆమెను కాపాడుదామని నోరు మూసుకున్న పిల్లల్ని ఆమె మందబుద్ధులని చెప్పి వెనక వరసలో కూర్చోబెట్టింది. వాళ్ళ మౌనం అంతా ఆమె పరువుకోసం. ఆమె పరువుకోసం అంతకుముందు ఎవరూ అంత కష్టపడలేదు, సొంత అన్నదమ్ములతో సహా.

మర్నాడు ఒక నిశ్చయంతో బడికి వెళ్ళింది. ఇకమీదట తనకు తెలియనిదే అడగాలి. తరగతిలో నిలబడి నోరు తెరిచింది. ఏమీ రాలేదు. ఇన్నేళ్ళలో ఆమె ఎన్నడూ పిల్లల్ని తనకు జవాబు తెలియని ప్రశ్న అడగలేదు. ఆ సంగతి ఆమెకు అక్కడ నిలబడి నోరు తెరిచాకే తెలిసింది. మిల్లు సైరన్ మోగి ఆమెను ఆదుకుంది. అది ఆగేలోపల ఒక ప్రశ్న దొరికింది.

"మీ ఇళ్ళ దగ్గర్నుంచి బడికొచ్చే దారిలో ఏమేముంటాయి?" అంది వెనక వరసతో. "నేనెప్పుడూ అటువైపు రాలేదు."

పిల్లలు అనుమానంగా చూశారు. ఆమె ముఖాన్ని పరీక్షించారు. నిజంగానే రాలేదని తేల్చుకున్నారు. పిడుగు లేచింది.

ఆ పిల్లకు ఆ పేరు ఎందుకు పెట్టారో ఆ పూట తరగతంతటికీ అర్థమైంది. కంకర లారీలు తిరిగే మలుపు, అక్కడ ఏ చెవి అటు పెట్టి నడవాలి, ఏ గుంటలో నీళ్ళు తియ్యగా ఉంటాయి, ఎర్రజెండా ఎగిరితే ఎక్కడ దాక్కోవాలి. మిగతా క్వారీ పిల్లలు మధ్యలో అందుకుని దిద్దేవారు. రాయి ఎక్కడ చీలుతుందో ముందే చెప్పొచ్చని ఒకడన్నాడు. ఎలాగని టీచరు అడిగింది, నిజంగానే తెలియక. "నీళ్ళు పోస్తే తెలుస్తుంది టీచర్. అంతా ఆరిపోతుంది, పొర ఉన్నచోట తడి ఉండిపోతుంది" అన్నాడు వాడు. ఆమె ఆ మాటల్నే బోర్డు మీద రాసింది. పొర. తడి. లారీ. ఎర్రజెండా. అవి తాము చెప్పినవే కాబట్టి పిల్లలు వాటిని ఇట్టే చదివేశారు. రంగులు తెలియవనుకున్న పిల్లలు ఎరుపును గుర్తుపట్టారు.

ఆమె సంతోషం వారం కూడా నిలవలేదు. ఈసారి ముందు వరస మూగబోయింది. ఫస్టు ర్యాంకు అని అందరూ పిలిచే పిల్లవాడు, మిల్లు అకౌంటెంటుగారబ్బాయి, ఒకరోజు లేచి నిలబడ్డాడు. పొద్దున్న లేవగానే మీకు వినిపించే మొదటి చప్పుడేమిటి అన్నది ఆనాటి ప్రశ్న.

"టీచర్, రైటు జవాబేది?"

"నాకు తెలీదమ్మా. నువ్వు చెప్పాలి."

"మీకు తెలీదా?"

"మీ ఇంట్లో చప్పుడు నాకెలా తెలుస్తుంది?"

పిల్లవాడు నిలబడినచోటే భోరుమన్నాడు. జవాబు తెలియని టీచరును వాడు ఎన్నడూ చూడలేదు. కాళ్ళకింద నేల కదిలినట్టయింది వాడికి. ఇంటికెళ్ళి జ్వరం తెచ్చుకున్నాడు. మర్నాడు అకౌంటెంటుగారు ఆఫీసుకి వెళ్ళకుండా బడికి వచ్చాడు.

హెడ్మాస్టరు ఆమెను పిలిచాడు. గదిలో చాలాసేపు పేపర్‌వెయిటు తిప్పాడు.

"అమ్మా, క్వారీవాళ్ళేమో మీకు కనిపించదంటున్నారు. మిల్లువాళ్ళేమో మీకు ఏమీ తెలీదంటున్నారు. నేను చెప్పేది వినిపిస్తోంది కదా?"

"వినిపిస్తోంది సార్."

"అదొక్కటైనా మిగిలింది. ఏంటి మీరు చేస్తున్నది?"

ఆమె చెప్పింది. ఆయన మొత్తం విని, కొంచెం ఆలోచించి, "బెంచీలు మారిస్తే?" అన్నాడు. ఈసారి ఆమెకూ అది మంచి ఆలోచనే అనిపించింది. ముందు వరసనీ వెనక వరసనీ విడదీసి, ఒక్కో బెంచీ మీద మిల్లు పిల్లల పక్కన క్వారీ పిల్లల్ని కూర్చోబెట్టింది. హెడ్మాస్టరు తన పద్ధతి మళ్ళీ ఒకసారి నెగ్గిందని స్టాఫ్ రూములో చెప్పుకున్నాడు.

ఆ తర్వాత చేసిన పని మాత్రం ఆమె సొంతం. ఒక పొద్దున్న పుస్తకాలు మూయించి, పిల్లలతో సూటిగా మాట్లాడింది.

"ప్రశ్నలు రెండు రకాలు. ఒకటి తెలియక అడిగేది. దానికి జవాబు మీ దగ్గరే ఉంటుంది, నా దగ్గర ఉండదు. రెండోది తెలిసి అడిగేది. అది ఆట. దాగుడుమూతల్లో నువ్వు తలుపు వెనకున్నావని తెలిసినా అమ్మ ఎక్కడున్నావూ అంటుందే, అలాంటిది. అది పిచ్చి కాదు, తప్పు పట్టడమూ కాదు. పరీక్షల్లో వచ్చేవన్నీ ఆట ప్రశ్నలే. పేపరు తయారు చేసినాయనకి జవాబులన్నీ తెలుసు. తెలియనట్టు నటిస్తాడు. మీరూ పోనీలే పాపం అని చెప్పేయాలి."

"మాకెలా తెలుస్తుంది ఏది ఏదో?" అంది పిడుగు. ఫస్టు ర్యాంకు కూడా అదే అడగబోయి, ఆగాడు.

"ఆట ప్రశ్నైతే నెత్తిమీద చెయ్యి పెట్టుకుంటాను. నిజం ప్రశ్నైతే పెట్టుకోను."

"మరి మేమెప్పుడు అడగాలి?"

టీచరు దానికి సిద్ధంగా లేదు. "ఏమిటి?"

"ఆటైతే అందరూ ఆడాలిగా. ఎప్పుడూ మీరే అడిగితే ఎలా?"

అలా మధ్యాహ్నం ఆఖరి పీరియడు పిల్లల వంతు అయింది. వాళ్ళు నెత్తిమీద చెయ్యి పెట్టుకుని ఆమెను ప్రశ్నలడిగేవారు. క్వారీ పిల్లలు రెండు రాళ్ళు తెచ్చి ఏది ముందు పగులుతుందో చెప్పమన్నారు. ఆమె తప్పు చెప్పింది. మిల్లు పిల్లలు, షిఫ్టు మారే సైరనుకీ ఏదో ప్రమాదం జరిగినప్పటి సైరనుకీ తేడా ఏమిటన్నారు. అన్నేళ్ళుగా నోరు తెరుచుకుని ఆ సైరన్లు విన్న మనిషి, అది కూడా తప్పే చెప్పింది. మిల్లు పిల్లలు గొల్లుమన్నారు. క్వారీ పిల్లలు తలలు వంచుకున్నారు. పిడుగు పక్కనున్న ఫస్టు ర్యాంకుని మోచేత్తో పొడిచి, "నవ్వకూడదు. పెద్దావిడ" అంది. వాడు నవ్వు ఆపాడు. ఆ మాటకి బదులుగా, పరీక్షలో జవాబు తెలియకపోయినా ఏదో ఒకటి రాయాలని వాడు ఆ పిల్లకు నేర్పాడు. ఇద్దరికీ ఉపయోగపడింది.

అన్నీ సవ్యంగా జరిగాయని చెప్పడానికి లేదు. కొన్నాళ్ళకి పిడుగు నాయనమ్మ మళ్ళీ వచ్చింది. ఈసారి తలుపు వేయలేదు.

"టీచరమ్మా, మీ జబ్బు మా పిల్లలకీ అంటించారు."

"ఏమైంది పెద్దమ్మా?"

"మా చిన్నోడి కొడుకు నిన్న వాళ్ళ నాన్న ముందు నిలబడి, నెత్తిన చెయ్యి పెట్టుకుని, ఇది ఏ కాలు అని అడిగాడు. మా చిన్నోడు పొద్దున్నే సూపర్‌వైజరు దగ్గర మాటలు పడి ఉన్నాడు. ఆ కాలితోనే ఒకటిచ్చాడు."

టీచరు నొచ్చుకుంది. మర్నాడు తరగతిలో, ఆట ప్రశ్నలు బడి గోడల లోపలే అని గట్టిగా చెప్పింది. అలసిపోయి వచ్చినవాళ్ళ దగ్గర ఈ ఆట వద్దని, వాళ్ళకి రోజంతా సూపర్‌వైజరుతో అదే ఆట అవుతుందని చెప్పింది. ఆ దెబ్బ తిన్నవాడిని పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది. వాడు మాత్రం, "నాన్న జవాబు చెప్పాడు టీచర్. కుడి కాలు" అన్నాడు.

ఏడాది చివర ఇన్‌స్పెక్టరు వచ్చాడు. బూట్ల చప్పుడుతో లోపలికి వచ్చి, పిల్లల్ని కూర్చోమని, జేబులోంచి పెన్ను తీసి పైకెత్తాడు.

"ఇదేమిటి?"

పిల్లలు పెన్నును చూడలేదు, ఆయన నెత్తిని చూశారు. అక్కడ చెయ్యి లేదు. జుట్టు కూడా పెద్దగా లేదు. హెడ్మాస్టరు గుమ్మంలో నిలబడి చెమటలు తుడుచుకున్నాడు. ఇన్‌స్పెక్టరు మళ్ళీ అడిగాడు, కొంచెం గట్టిగా.

పిడుగు లేచింది. "సార్, మీకు తెలిసే అడుగుతున్నారా, తెలియక అడుగుతున్నారా?"

ఇన్‌స్పెక్టరు పెన్నును ఒకసారి తను కూడా చూసుకున్నాడు. ఉద్యోగంలో చేరినప్పటినుంచి ఆయన ఎన్నో తరగతుల్లో ఆ పెన్ను పైకెత్తాడు. అలా తిరిగి అడిగినవాళ్ళు లేరు.

"తెలిసే" అన్నాడు.

"అయితే ఆట" అంది పిడుగు తరగతి వైపు తిరిగి. గదంతా ఒక్క గొంతుతో "పెన్నూ!" అని అరిచింది. ఆ తర్వాత ఫస్టు ర్యాంకు చెయ్యెత్తి, "సార్, మీ జేబుకి సిరా కారింది. అది మీకు తెలిసినట్టు లేదు" అన్నాడు.

నిజంగానే కారింది. ఇన్‌స్పెక్టరు కుళాయి దగ్గరికి వెళ్ళి చొక్కా కడుక్కుని, మిగతా తరగతులు చూడకుండానే వెళ్ళిపోయాడు. రిపోర్టులో రెండో తరగతి గురించి ఒకే వాక్యం రాశాడు: "ఈ తరగతి విద్యార్థులు ప్రశ్నిస్తారు." అది మెప్పో ఫిర్యాదో ఎవరికీ తెలియలేదు. హెడ్మాస్టరు పొద్దున్న ఫిర్యాదనుకుని అన్నం మానేశాడు. మధ్యాహ్నం పక్క బడి హెడ్మాస్టరు ఫోన్ చేసి అభినందించేసరికి మెప్పని ఒప్పుకున్నాడు.

పరీక్షల్లో క్వారీ పిల్లలు చాలామంది గట్టెక్కారు. అందరూ కాదు. ఇద్దరు మళ్ళీ రెండో తరగతే చదివారు. ఒకడు ప్రతి జవాబుకీ ముందు "ఆట" అని రాసి ఆ తర్వాత సరైన జవాబు రాశాడు. పేపరు దిద్దినవాళ్ళు మొదటి మాట కొట్టేసి మార్కులు వేశారు. పిడుగుకి లెక్కల్లో అత్తెసరు మార్కులు. ఫస్టు ర్యాంకుకి ఎప్పటిలాగే ఫస్టు ర్యాంకు వచ్చింది. కానీ ఆ రోజు వాడు ఇంటికెళ్ళి తండ్రిని, మిల్లులో అసలు మీరు చేసే పనేమిటని అడిగాడట. అకౌంటెంటుగారు చెప్పడం మొదలుపెట్టి, భోజనాల వేళదాకా చెప్పాడట. అంతవరకు ఆయన్ని ఆ ఇంట్లో ఎవరూ ఆ సంగతి అడగలేదట. ఆ తర్వాత ఆయన టీచరు మీద ఫిర్యాదు చేయలేదు.

క్వారీ బడికి కప్పు వేయించేలోపే క్వారీలో రాయి అయిపోయింది. పనివాళ్ళు మూటాముల్లె సర్దుకుని వేరే చోటికి బయలుదేరారు. చెప్పి వెళ్దామని నాయనమ్మ బడికి వచ్చింది.

"పిల్ల ఇప్పుడు నోరు మూయడం లేదమ్మా. లారీ డ్రైవర్ని కూడా, ఈ దారి మీకు తెలిసే పోతున్నారా, తెలియక పోతున్నారా అంటోంది. మీరే ఏదైనా చెయ్యండి."

"అది నావల్ల కాదు పెద్దమ్మా."

"పోనీలెండి. కొత్త చోట బడి ఉంటుందో లేదో. ఉంటే అక్కడి టీచరు ఎలాంటిదో. ఎలాంటిదైనా ఈసారి ముందు మా పిల్లనే పంపిస్తాను, కనుక్కుని రమ్మని" అంది.

పిడుగు లారీ మీద సామాన్ల పైన కూర్చుని వెళ్ళింది. టీచరు బడి గేటుదాకా వచ్చి చెయ్యూపింది. తిరిగి వచ్చి ఆ పూట పాఠం చెప్పలేదు. పిల్లల్ని బొమ్మలు వేసుకోమంది.

కొన్నేళ్ళకి ఆమెకు రేవు దగ్గరి బడికి బదిలీ అయింది. అక్కడ పిల్లలు పడవలవాళ్ళ పిల్లలు. మొదటిరోజు ఒక అబ్బాయిని లేపి ఏదో అడిగింది. వాడితోపాటు బెంచీ అంతా లేచి నిలబడింది. ఒక్కడినే చెప్పమంటే, ఆ ఒక్కడూ సిగ్గుతో చచ్చిపోతున్నట్టు మెలికలు తిరిగాడు. ఆడపిల్లల వైపు అడిగినా అంతే. ఒక్క పేరు పిలిస్తే బెంచీకి బెంచీ లేచేది. క్వారీ పిల్లల పద్ధతి ఇక్కడ పనికిరాదని ఆమెకు మధ్యాహ్నానికల్లా తెలిసిపోయింది.

ఈసారి ఎవరినీ మందం అనలేదు. బెంచీలు కూడా మార్చలేదు. సాయంత్రం పిల్లలకోసం వచ్చిన తల్లుల దగ్గరికి వెళ్ళి, వలల కంపు మధ్య గోడమీద కూర్చుని, వాళ్ళ పనుల గురించి, ఇళ్ళ గురించి అడుగుతూ చీకటి పడేదాకా ఉండిపోయింది. ఇంటికి ఆలస్యంగా వెళ్తే భర్త గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"కొత్త బడి ఎలా ఉంది?"

"ఇంకా తెలీలేదండీ."

అతను తలూపాడు. ఇంజిను చప్పుడు మొత్తం వినకుండా బోనెట్ ఎత్తే మెకానిక్కుల మీద అతనికి ఎప్పుడూ గౌరవం లేదు. ఆ మాట పైకి అనలేదు గానీ, అన్నం తనే వడ్డించాడు.

వారం గడిచాక అక్కడి హెడ్మాస్టరు తరగతి గుమ్మంలోంచి తొంగిచూశాడు. పిల్లలు గుంపుగా ఏదో చెప్పుకుంటున్నారు, టీచరు వెనక బెంచీ చివర కూర్చుని వింటోంది.

"టీచర్‌గారూ, పాఠాలు ఎప్పుడు మొదలుపెడతారు?"

"ముందు వీళ్ళు ఎలా మాట్లాడుకుంటారో వినాలి సార్."

"అప్పటిదాకా?"

"అప్పటిదాకా వింటాను."

పిల్లల బెంచీ ఆమెకు బాగా పొట్టిదైందని ఆయన గమనించి, ప్యూనును పిలిచి, ఆఫీసు గదిలోంచి ఒక కుర్చీ పంపించాడు.